పై వరుస అక్షరం

జూన్ 9

అత్తయ్యకి,

నేను క్షేమం. గది చిన్నది. కిటికీ పూర్తిగా తెరిస్తే మంచానికి తగులుతుంది, మంచం జరిపితే తలుపు తెరుచుకోదు. కిటికీ సగమే తెరవాలని నిర్ణయించుకున్నాను.

లైబ్రరీలో నా చోటు నేల కింది అంతస్తులో. కొత్త పుస్తకాల వీపుల మీద నంబరు చీటీలు అతికించడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. హెడ్ మేడం నిన్న నా వెనకే నిలబడి, "ఈ అమ్మాయికి గొంతుందా, దాన్ని కూడా అరలో సర్దేసిందా?" అంది. ఉందండీ అన్నాను. నిన్నటికి నేను మాట్లాడింది అదొక్కటే.

ఒక సంగతి అడగాలి. వచ్చినప్పటినుంచీ నాన్నకి విడిగా మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. హాస్టల్ ఫోను వరండాలో ఉంది, చుట్టూ ఎప్పుడూ జనమే, అక్కడ నా గొంతు పెగలదు. కళ్ళజోళ్ళ కొట్లో కూర్చోమంటే కాదని వచ్చేశానని నాన్నకి కోపమా? బస్సెక్కేటప్పుడు నేను చెయ్యి చాపాను. నాన్న నా చెయ్యి వదిలేసి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. అప్పటినుంచీ అదే గుర్తొస్తోంది.

అమ్మ పోయాక నాన్న మనసు నాకంటే నీకే బాగా తెలుసు. నిజం రాయి.

నీ
గువ్వ


జూన్ 19

గువ్వా,

నీ రాత చూస్తే ఇప్పటికీ కాన్వెంటు బడి సిస్టర్లు బెత్తం పట్టుకుని వెనక నిలబడ్డట్టే ఉంటుంది. నాది కోడి కెలికినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో.

మీ నాన్నకి కోపమో ఏమో నాకేం చెప్పి చస్తున్నాడు? నీ ఉత్తరం వస్తే విప్పుతాడు. అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు. "ఏం రాసిందిరా?" అంటే "బాగానే ఉందట" అంటాడు. మూడు పేజీలకి రెండు మాటలేనా అంటే లేచి కొట్లోకి పోతాడు.

అసలు మనిషే తిన్నగా లేడు. మొన్న బల్ల మీద కత్తెర ఇమ్మన్నాను. ముక్కు కింద ఉన్నదాన్ని వదిలేసి బల్లంతా తడిమాడు. పామైతే కరిచేదిరా అన్నాను. "పామైతే కదిలేది, కనపడేది" అన్నాడు. నోటికేం తక్కువ లేదు. కుర్చీలో కూర్చోబోయి సగం కుర్చీలో, సగం గాల్లో కూర్చుంటున్నాడు. అడిగితే సైటు మారిందంటాడు. ఈ ఏడాదిలో తనకి తను కొత్త జోడు చేసుకోవడం ఇది నాలుగోసారి. వీధి వీధంతా వీడు పెట్టిన కళ్ళతో చూస్తుంటే వీడి కళ్ళకి మాత్రం జోడు కుదరడం లేదు. యాభై మూడేళ్ళకే ఇదేం సైటో. నేను వాడికంటే ఎనిమిదేళ్ళు పెద్దదాన్ని, సూదిలో దారం ఎక్కిస్తాను.

నువ్వు కాస్త పెద్దక్షరాలతో రాసి చూడు. నీవి ఆవగింజలు.

గది కిటికీ సగం తెరిస్తే గాలి సగమే వస్తుంది. మంచం అమ్మేసి చాప కొనుక్కో.

మీ అత్తయ్య


జూలై 2

అత్తయ్యా,

ఇందులో నాన్నకి వేరే కాగితం పెట్టాను. ఒక్కో అక్షరం అగ్గిపెట్టెంత రాశాను. నాలుగు వాక్యాలకి నాలుగు పేజీలు పట్టాయి. తపాలా బరువు పెరిగిందని గుమాస్తా నాకేసి అదోలా చూశాడు.

నాన్న తన కళ్ళు తనే పరీక్ష చేసుకుంటున్నాడా? వేరేవాళ్ళ చేత చేయించమను. ఎవరి తల వాళ్ళు గొరుక్కోలేరని కొట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పేది నాన్నే కదా.

ఇక్కడ వాన. కింది అంతస్తులో పుస్తకాలకి చెమ్మ వాసన వస్తోంది. నాకు ఇష్టంగానే ఉంది.

గువ్వ


జూలై 17

గువ్వా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వాణ్ణి పరీక్ష గదిలో కూర్చోబెట్టి, దీపం వేసి, అక్షరాల అట్ట చదవమన్నాను. పై వరుస నుంచి కింది వరుస దాకా ఆగకుండా చదివాడు, దండకంలా. నీళ్ళు తాగినంత సులువుగా. అయినా కంటి డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళాను. ఆయన దీపం పెట్టి చూసి, కన్ను అద్దంలా ఉంది, శుక్లాలు లేవు, ఏమీ లేదు అన్నాడు. భార్య పోయిన దిగులు, కూతురు కూడా వెళ్ళిపోయింది, నిద్ర చాలడం లేదు అని మాత్రలు రాశాడు. ఆ మాత్రలు వేసుకుంటే పొద్దున్న తొమ్మిదైనా లేవడం లేదు.

కాబట్టి కళ్ళు బాగున్నాయి. మనిషే బాగాలేడు. నీ పెద్దక్షరాల కాగితం చూసి, "వెలుతురు చాల్లేదు" అని నా చేతికే ఇచ్చేశాడు. కిటికీ పక్కన, మిట్టమధ్యాహ్నం. చదివి పెట్టనా అంటే వద్దన్నాడు. నీకు బాధే, కానీ నిజం రాయమన్నావు.

ఇంకా విను. అద్దాలు సాన పట్టడం పూర్తిగా మానేశాడు. అన్నీ పై వీధి వర్క్‌షాపుకి పంపిస్తున్నాడు. ఏరా బద్ధకమా అంటే మాట్లాడడు. కప్పు పక్కన టీ పోస్తాడు. గుమ్మానికి భుజం కొట్టుకుంటాడు. నిన్న ఫ్రేము మరమేకు నేల మీద పడితే మాత్రం, అదెంతుంటుంది, నువ్వుగింజంత, నాకే దొరకలేదు, వంగి టక్కున తీశాడు. మరి చూపు లేదంటే నమ్మమంటావా? నాటకాలు.

అత్తయ్య


జూలై 29

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. కోపమైతే కోపమని నాన్న ఒక్క మాట అనొచ్చు కదా.

మూడో రోజు ఒకటి తట్టింది. ఆ అట్ట నాన్నకి కంఠతా వచ్చు. పాతికేళ్ళుగా రోజూ ఇంకొకరి చేత చదివిస్తున్నాడు. నాకూ వచ్చు. చిన్నప్పుడు ఆ గదిలో బల్ల కింద కూర్చుని బొమ్మల పుస్తకాలు చూస్తూ దాన్ని పాటలా విన్నాను. నువ్వు కూడా కళ్ళు మూసుకుని చెప్పి చూడు, వస్తుంది. మన ఇంట్లో ఎవరి కళ్ళనీ ఆ అట్టతో పరీక్ష చేయలేం.

అందుకే కొత్తది చేసి పంపుతున్నాను. అక్షరాలు పాతవే, వరుసలు మార్చాను. పైన పెద్దది ఒకటే, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. దూరం మామూలు దూరమే. నాన్న ముందుగా చూడకుండా తగిలించు. ఏమన్నాడో ఏమీ మార్చకుండా రాయి. ఎగతాళి చెయ్యకు.

గువ్వ


ఆగస్టు 8

గువ్వా,

నీ అట్ట తప్పు. మీ నాన్నది కాదు.

ఎగతాళి చేయలేదు. పైనున్న పెద్ద అక్షరం ఏమిటిరా అన్నాను. చూశాడు. తల అటు వంచి, ఇటు వంచి చూశాడు. "ఏదో నల్ల గీత ఉంది, వంపు తిరిగింది" అన్నాడు. గీత కాదురా అక్షరం అంటే, "అక్షరమా? ఎక్కడ?" అన్నాడు. గుమ్మంలోంచి నాకే కనపడుతోంది, అరచెయ్యంత ఉంది. పోనీ కిందవి చదవమన్నాను. అన్నిటికంటే కింది వరుస, నేను కళ్ళు చికిలిస్తే గానీ చదవలేనిది, ఒక్కొక్కటే వేలు పెట్టి చూపిస్తే గడగడా చెప్పాడు. వేలు తీసేస్తే వరుస తప్పిపోయాడు. "అక్షరాలు చోటు మారుతున్నాయి అక్కా" అన్నాడు.

ఇలా ఉంటుందా ఎక్కడైనా? నువ్వు పై అక్షరం సరిగ్గా దిద్ది ఉండవు. సిరా ఎక్కువైంది కాబోలు.

మొదట నవ్వాడు. తరవాత దీపం ఆర్పి అక్కడే కూర్చుండిపోయాడు. నేను టీ ఇస్తే అందుకోలేదు. అందుకోలేకపోయాడో, అక్కర్లేదనుకున్నాడో నాకు తెలియలేదు.

అత్తయ్య


ఆగస్టు 14

అత్తయ్యా,

అట్ట తప్పు కాదు. స్కేలు పెట్టి గీశాను.

నువ్వు పాతికేళ్ళు కౌంటర్లో కూర్చున్నావు. చిన్నవి కనపడి పెద్దది కనపడని మనిషి ఎప్పుడైనా వచ్చాడా? చూపు తగ్గితే కింది వరుస ముందు పోతుంది, పై అక్షరం చివరిదాకా ఉంటుంది. నాన్నకి తలకిందులుగా ఉంది. అలాంటి సైటుకి అద్దం లేదు. నాన్న ఎన్ని జోళ్ళు మార్చినా కుదరకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను. తప్పు కంట్లో లేదు, కన్ను పంపినదాన్ని అందుకునే చోట ఉంది.

ఇక్కడ వైద్యం అరల్లో వెతికాను. నేను డాక్టర్ని కాను, పేరు పెట్టను. కానీ కత్తెర దొరకకపోవడం, కుర్చీ అంచు మీద కూర్చోవడం, నువ్వుగింజంత మరమేకు దొరకడం, ఇవన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. చదువుతుంటే నీ ఉత్తరాలు ఎవరో అచ్చు వేసినట్టుంది. నాన్నని మెదడు, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఆలస్యం చెయ్యకు. సైటు అని చెప్పకు, నాకు రాసినవన్నీ అలాగే చెప్పు.

గువ్వ


ఆగస్టు 27

గువ్వా,

పుస్తకాలు చదివి మా తమ్ముడికి మతి పోయిందని తేల్చావా? వాణ్ణి చంకనేసుకుని పెంచాను నేను. వాడి మతి సంగతి నాకు తెలియదా?

నిన్న పరీక్ష పెట్టాను, నీలాగే. మీ అమ్మ మొదటిసారి కొట్టుకి వచ్చినప్పుడు ఏ ఫ్రేము తీసుకుందిరా అన్నాను. "తేనె రంగుది. చెవికి తగిలించే ఎడమ కాడ వదులుగా ఉందని మర్నాడు మళ్ళీ వచ్చింది. అది వదులు కాదు, నేనే కావాలని వదిలాను" అన్నాడు. ఇన్నేళ్ళు ఈ ముక్క నాకు తెలియదు. ఇంత జ్ఞాపకమున్నవాడికి ఏం జబ్బు? మతిమరుపు ముసలివాళ్ళకి వస్తుంది. వాడి తల ఇంకా నెరవనే లేదు.

పైగా వీధి మాట ఆలోచించావా? కళ్ళజోళ్ళవాడికి కళ్ళు కనపడవట, తల కూడా చెడిందట అంటే రేపు కొట్టు గడప ఎవరు తొక్కుతారు? నేను తీసుకెళ్ళను.

అత్తయ్య


సెప్టెంబరు 3

అత్తయ్యా,

నువ్వన్నది నిజమే. నాన్న జ్ఞాపకం బాగుంది. మాట బాగుంది. తన గురించి తను చెప్పుకోగలడు. అందుకే ఇప్పుడే వెళ్ళాలంటున్నాను. అవన్నీ పోయాక వెళితే డాక్టరు నాన్నని అడగదు, మనల్ని అడుగుతుంది.

శనివారం వస్తున్నాను. సోమవారానికి డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకున్నాను. ఫోను చేసి, వరండాలో అందరి ముందూ గట్టిగా మాట్లాడాను. నీకు ఇష్టం లేకపోతే రావద్దు. కొట్టు చూసుకో.

గువ్వ


సెప్టెంబరు 28

గువ్వా,

నువ్వు వెళ్ళాక నాలుగు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. కానీ స్కానింగులకి, పరీక్షలకి వాణ్ణి తీసుకెళ్ళే మనిషి ఇంట్లో నేనొక్కదాన్నే. కొట్టు మూసి వెళ్ళాను. ఫలితాలు నిన్న చెప్పారు. కూర్చుని చదువు.

నువ్వనుకున్నదే. ఆ సోమవారం నువ్వు చూపించిన డాక్టరమ్మే, మరీ చిన్నపిల్ల, నీకంటే పదేళ్ళు పెద్దదేమో. వాడి చేత గడియారం బొమ్మ గీయించింది. అంకెలన్నీ ఒక మూలకి చేరాయి, చలికి గొర్రెలు ముడుచుకున్నట్టు. వాడికి తెలుస్తోంది తప్పని. దిద్దడం తెలియడం లేదు. నేను గోడకేసి చూశాను.

మెదడు వెనక భాగంలో చూసినదాన్ని బొమ్మగా కట్టే చోటు ఉంటుందట. అది మెల్లగా అరిగిపోతోందట. ఇది కూడా డిమెన్షియాయే అంది. అందరికీ మరుపుతో మొదలైతే కొందరికి, ఈ వయసులోనే, చూపుతో మొదలవుతుందట. నయం చేసే మందు లేదు. కొన్నాళ్ళు కాస్త నిలబెట్టే మాత్రలు ఉన్నాయి, అందరికీ పనిచేస్తాయని చెప్పలేనంది. తరవాత్తరవాత జ్ఞాపకం కూడా పోవచ్చట. అది వాడికే చెప్పింది, నాకు కాదు. వాడే అడిగాడు. నిద్రమాత్రలు ఆపించింది. "చాలామంది కళ్ళజోళ్ళు మార్చుకుంటూ ఏళ్ళు పోగొట్టుకుని వస్తారు, మీరు త్వరగా వచ్చారు" అంది. కళ్ళజోళ్ళు చేసేవాడు త్వరగా రావడం మరీ విచిత్రమంది. నీ అక్షరాల అట్ట ఈసారి నేనే పట్టుకెళ్ళాను, ఎవరు చేశారని అడిగింది. మా అమ్మాయి అన్నాడు. అలా అన్నప్పుడు వాడి మొహం నువ్వు చూడాల్సింది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "అక్కా, అయితే నేను సోమరిని కాదన్నమాట" అన్నాడు. అద్దాలు బయటికి పంపింది ఎందుకో అప్పుడు చెప్పాడు. గీత తిన్నగా కనపడక, ఎవరి కంటికి తప్పు అద్దం పెడతానో అని భయపడి మానేశాడట. నేను బద్ధకం అన్నప్పుడల్లా ఊరుకున్నాడు.

నీ ఉత్తరాలన్నీ వాడి చొక్కా జేబుల్లో ఉన్నాయి. చదవకపోవడం కాదు, చదవలేకపోయాడు. "అక్షరం దొరికితే మాట పోతుంది, మాట దొరికితే వరుస పోతుంది" అన్నాడు. నువ్వు అగ్గిపెట్టెంత రాసినవైతే అక్షరాలుగానే కనపడలేదట. పెద్దగా రాయమన్నది నేనే. మరి నన్ను చదవమనొచ్చు కదరా అన్నాను. "నా కూతురు నాకు రాసింది, నీకు కాదు" అన్నాడు.

అత్తయ్య


అక్టోబరు 5

అత్తయ్యా,

హెడ్ మేడంతో చెప్పాను. ఈ నెలాఖరుకి మానేసి వచ్చేస్తాను. కౌంటర్లో కూర్చుంటాను. నాన్నకి ఉత్తరాలు చదివి పెట్టక్కర్లేదు, నేనే ఎదురుగా ఉంటాను.

గువ్వ


అక్టోబరు 13

గువ్వా,

రావద్దు. ఇది నా మాట కాదు. నేనైతే రమ్మనేదాన్ని, రాత్రికి రాత్రే సామాను సర్దుకోమనేదాన్ని. మీ నాన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క మాటైనా మార్చానేమో అని రెండుసార్లు పైకి చదివించుకున్నాడు.

"ఉద్యోగం మానొద్దు. నాకు తెలివి ఉండగా చెబుతున్నాను. కొన్నేళ్ళకి నేనే రమ్మని మారాం చేస్తానేమో, అప్పుడది జబ్బు అడుగుతోందనుకో, ఇది నాన్న చెప్పిందనుకో. సెలవులకి రా. వచ్చినప్పుడు కొత్త జోడు చేయిస్తాను, నీ ఫ్రేము వంకరగా ఉంది."

ఫ్రేము వంకరగా ఉన్న సంగతి వాడికెలా తెలిసిందంటావా? నువ్వు వెళ్ళేటప్పుడు నీ తల నిమిరాడు కదా, అప్పుడట.

ఇల్లు మారింది. డాక్టరమ్మ ఒకామెని పంపింది, ఇల్లంతా తిరిగి చూసింది. తెల్ల బల్లగుడ్డ మీద తెల్ల పళ్ళెం పెడితే వాడికి రెండూ ఒకటేనట. ఇప్పుడు మా బల్లగుడ్డ నీలం. మెట్ల అంచులకి పసుపుపచ్చ పట్టీ అతికించాను. టీ కప్పు ఎర్రది. చూసినవాళ్ళు ఇది ఇల్లా, చిన్నపిల్లల బడా అనుకుంటారు. ప్రతి వస్తువుకీ ఒకటే చోటు. కత్తెర నేనే పోగొట్టుకుంటున్నాను ఇప్పుడు.

పరీక్ష గది వాడే మూయించాడు. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళని కంటి డాక్టరు దగ్గరికే పంపుతున్నాం. ఫ్రేములు మాత్రం అమ్ముతున్నాం. వాడు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ చెవి వెనక వేలు పెట్టి, "ఇక్కడ ఒత్తుతోంది, ఇక్కడ వదులు" అంటాడు. నేను కాడ వంచుతాను. నాకు అరవై దాటాక పని నేర్పుతున్నాడు, తిడుతూ. "పెళ్ళికూతురి చెయ్యి కాదక్కా, గట్టిగా పట్టు" అంటాడు.

వీధికి చెప్పాం. వాడే చెప్పాడు, కౌంటర్లో నిలబడి. ఇద్దరు రావడం మానేశారు. పోస్టుమాస్టరు మాత్రం జోడు బాగున్నా వదులైందని వచ్చి కూర్చుంటున్నాడు.

నేను రోజూ ధైర్యంగా ఉన్నాననుకోకు. నిన్న మధ్యాహ్నం నీలం గుడ్డ ఉతుకుతూ ఏడ్చాను. రంగు దిగినట్టు నీళ్ళన్నీ నీలం.

అత్తయ్య


అక్టోబరు 24

అత్తయ్యా,

మేడంతో మళ్ళీ మాట్లాడాను. "గొంతు దొరికాక నిన్ను ఆపడం కష్టంగా ఉంది" అంది. ఉంటున్నాను.

ఇందులో ఒక కట్ట ఉంది. అది నాన్నకి. పుస్తకాల వీపుల మీద అతికించే చీటీలు, పాడైనవి మేడం ఇచ్చింది. చీటీకి ఒకటే మాట రాశాను. చిన్న అక్షరాలు, నల్ల సిరా, చుట్టూ ఖాళీ. వరుస తప్పకుండా మూలన దారంతో కుట్టాను. ఒకటి చదివి వెనక్కి తిప్పితే రెండోది వస్తుంది. కుదరకపోతే రాయి, ఇంకోలా చేస్తాను.

నువ్వు చదవకు.

గువ్వ


నవంబరు 2

గువ్వా,

నేను చదవలేదు. వాడు పైకి చదువుతుంటే చెవులు కోసుకోలేను కదా.

భోజనమయ్యాక కిటికీ దగ్గర కూర్చున్నాడు. బొటనవేలు చీటీ అంచున పెట్టి, ఒక మాట. తిప్పి, ఇంకో మాట. మధ్యలో రెండు చీటీలు కలిసి వచ్చేశాయి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. నేను సాయం పట్టబోతే చెయ్యి విదిలించాడు. ఎంతసేపు పట్టిందో అడగకు, గిన్నెలు తోమి, ఆరబెట్టి, కొట్టు తెరిచేసరికి ఇంకా చదువుతున్నాడు. బస్సు దగ్గరి సంగతి వచ్చినప్పుడు ఆగిపోయాడు. "చెయ్యి చాపిందా? నాకు కమ్మీ ఒక్కటే కనపడింది అక్కా" అన్నాడు. ఆ చీటీ తిప్పకుండా చాలాసేపు పట్టుకున్నాడు.

అయిపోయాక మొదట అన్న మాట ఇది: "అక్షరాలు ఇంకొంచెం చిన్నవి చెయ్యమను. ముసలాడికి రాసినట్టు రాసింది."

కట్ట చివర నువ్వు ఖాళీ చీటీ ఒకటి వదిలావు. దాన్ని చింపి కలం అడిగాడు. రాసింది ఇందులో పెట్టాను. అక్షరాలు కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయాయి, ఒకదాని మీద ఇంకొకటి పడ్డాయి. కాగితం ఏటవాలుగా పట్టుకుని చూడు, తెలుస్తుంది. "చదివాను" అని ఉంది.

రాసేటప్పుడు నేను వాడి చెయ్యి పట్టుకోలేదు.

మీ అత్తయ్య